పాస్‌వర్డ్ తీసేయడం తేలికే, తర్వాత జవాబు చెప్పేదెవరు?



పోస్టు పొడుగ్గా ఉంటది, కొంచెం ఓపికతో చదవండి. ఈ మధ్య వేరే వేరే మండలాల నుంచి తమ్ముళ్లు ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతున్నరు. "అన్నా, మా స్టడీ సెంటర్ల కంప్యూటర్లన్నీ కలిపినం. కానీ మెయిన్ సిస్టంల ఫోల్డర్ తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. అది అడగకుండ చేసుడెట్ల?" దీనికి రెండు నిమిషాల జవాబు ఉంది. ఎవరిని అడిగినా అదే చెప్తరు. నేను కూడా ఒకప్పుడు అదే చేసిన, పది మందికి చెప్పిన కూడా. ఇప్పుడు మాత్రం అట్లా చేయొద్దంటున్నా. ఎందుకంటున్ననో, దాని బదులు ఏం చేయాల్నో రెండూ రాస్తా.

ముందు మా సెంటర్లో జరిగింది చెప్తా.

మా దగ్గర ఆరు డెస్క్‌టాప్‌లు ఉండేవి. అన్నీ ఎవరో వాడి ఇచ్చినవే. ఒక స్విచ్ కొని, కేబుళ్లు లాగి, ఆరింటినీ కలిపినం. నెట్ వస్తే వచ్చినట్టు, పోతే మూడు రోజులు రాదు. అందుకే ఒక సిస్టంల అన్నీ పెట్టుకున్నం: గ్రూప్స్ పాత పేపర్లు, డీఎస్సీ మెటీరియల్, ఇంటర్ పుస్తకాల పీడీఎఫ్‌లు, పెద్దవాళ్ల దగ్గర రికార్డు చేసిన పాటలు. ఇంకో ఫోల్డర్ కూడా ఉండేది, దాని పేరు 'సర్టిఫికెట్లు'. స్కాలర్‌షిప్ దరఖాస్తుల సీజన్‌లో ఒక్కొక్కరి కుల ధ్రువీకరణ, ఆదాయం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి అందులో వేసేవాళ్లం. ప్రతిసారీ మళ్లీ స్కాన్ చేసే బాధ తప్పుతదని.

మిగతా ఐదు సిస్టంల నుంచి ఆ ఫోల్డర్ తెరవబోతే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగేది. ఏం కొట్టినా తీసుకునేది కాదు. చివరికి ఒకరోజు నేనే కూర్చొని అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆఫ్ చేసిన. ఫోల్డర్‌కు 'ఎవ్రీవన్' అని చేర్చి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చిన. అంతే, ఏ సిస్టంల నుంచి నొక్కినా ఫోల్డర్ తెరుచుకుంది. అందరూ భుజం తట్టిండ్రు. నాకూ గర్వంగనే అనిపించింది.

ఏడాది తర్వాత, స్కాలర్‌షిప్ ఆఖరు తేదీకి నాలుగు రోజుల ముందు, 'సర్టిఫికెట్లు' ఫోల్డర్ కనబడలేదు. మెయిన్ సిస్టంల రీసైకిల్ బిన్ చూసినం, లేదు. నెట్‌వర్క్ మీద నుంచి డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌కు రాదు, నేరుగా పోతది. ఆ సంగతి అప్పుడే తెలిసింది. ముందు రోజు రాత్రి చివరిదాకా కూర్చున్నది ఎవరని అడిగితే, ఇంటర్ ఫస్టియర్ తమ్ముడొకడు. కొత్తగా వచ్చిండు. మౌస్ పట్టుకోవుడే అప్పుడప్పుడే నేర్చుకుంటున్నడు. "నేను ముట్టలేదన్నా" అన్నడు. ఎవరూ గట్టిగా తిట్టలేదు. కానీ ఎవరూ నమ్మలేదు కూడా. వానికి అది అర్థమైంది. మరుసటి వారం నుంచి రావుడు బందు చేసిండు.

మూడు వారాలకు ఇంకో పని మీద వెతుకుతుంటే ఆ ఫోల్డర్ దొరికింది. 'పాత పేపర్లు 2016' అనే ఫోల్డర్ లోపల ఉంది. ఎవరో మౌస్‌తో లాగుతుంటే పక్క ఫోల్డర్‌లో పడింది, అంతే. ఎవరు లాగిండ్రో ఈరోజు వరకు తెలియదు. ఆ తమ్ముడే కావొచ్చు, నేనే కావొచ్చు. తెలుసుకునే దారి లేకుండ చేసింది మాత్రం నేనే. ఈలోపు ఇద్దరు చెల్లెళ్లు కాగితాల కోసం మళ్లీ మీసేవ చుట్టూ తిరిగి, ఆఖరు రోజు సాయంత్రం దరఖాస్తు పెట్టుకున్నరు. వాళ్ల పని అయింది. ఆ తమ్ముడి ఇంటికి పోయి తప్పైందని చెప్పినం. "సరే అన్నా" అన్నడు, అంతకు మించి మాట్లాడలే.

అందుకే ఈ పోస్టు.

కొందరు అంటరు, "మన గూడేల్లో ఇండ్లకు తాళాలు ఉంటయా? మనది నమ్మకం మీద నడిచే సమాజం. మనలో మనకు పాస్‌వర్డ్ ఎందుకు?" ఈ మాటను నేను తేలిగ్గా తీసేయను. కంప్యూటర్ అంటేనే జంకే పిల్లలకు, తెరవగానే ఇంగ్లిష్‌లో పెట్టె వచ్చి పేరు చెప్పు, పాస్‌వర్డ్ చెప్పు అంటే, అది ఇంకో ఆఫీసు గుమ్మం లాగనే కనబడుతది. ఆఫీసు గుమ్మాల దగ్గర మనం పడ్డది చాలు. ఆ భయం ఇక్కడ ఉండొద్దు అనేది సరైన కోరికే.

కానీ గూడెంలో తలుపు తెరిచి ఉంటదంటే ఎవరూ చూడరని కాదు. వచ్చిన మనిషి ఎవరో చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎవరి కొడుకు, ఏ గోత్రం, ఎందుకు వచ్చిండు, అన్నీ తెలుసు. ఆ తలుపుకు కాపలా ఊరే. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేసిన కంప్యూటర్‌కు ఆ ఎరుక లేదు. నెట్‌వర్క్ మీద ఎవరొచ్చినా దానికి ఒకటే పేరు: 'గెస్ట్'. మీరొచ్చినా గెస్టే, నేనొచ్చినా గెస్టే, వైఫై పాస్‌వర్డ్ ఎట్లనో తెలుసుకున్న బయటి మనిషి వచ్చినా గెస్టే. అది నమ్మకం కాదు, మనిషిని గుర్తుపట్టకపోవుడు. నమ్మకం ఉండాలంటే ముందు ఎవరో తెలియాలి కదా.

ఇంకో సంగతి. 'పాస్‌వర్డ్ లేకుండ' అనే మాటకు రెండు అర్థాలు ఉన్నయి. ఒకటి, అసలు పాస్‌వర్డే లేకపోవుడు. రెండు, పాస్‌వర్డ్ ఉంటది గానీ మనం ప్రతిసారీ కొట్టే అవసరం లేకపోవుడు. ఫోన్ చేసిన తమ్ముళ్లు అందరికీ కావాల్సింది రెండోది. వాళ్లు చేస్తున్నది మొదటిది. రెండోది చేయడం కూడా కష్టమేమీ కాదు, ఒక గంట పని.

అసలు ఎందుకు అడుగుతదో ముందు తెలుసుకోండి. మీరు ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంల ఫోల్డర్‌ను తెరిస్తే, ఆ రెండో సిస్టం తన దగ్గర ఉన్న ఖాతాల్లో మీరు ఎవరని చూస్తది. మీ సిస్టంల మీరు పెట్టుకున్న పేరు దానికి తెలియదు. అందుకే అడుగుతది. అక్కడ మనోళ్లు చేసే పొరపాట్లు ఇవి: నాలుగంకెల పిన్ కొడ్తరు, పిన్ ఆ ఒక్క సిస్టం తెరవడానికే, నెట్‌వర్క్ మీద పనికిరాదు. మెయిన్ సిస్టం ఖాతాకు పాస్‌వర్డే పెట్టరు, ఖాళీగా ఎంటర్ కొడ్తరు. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాను విండోస్ మామూలుగా నెట్‌వర్క్ నుంచి రానియ్యదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన సిస్టం అయితే ఆ ఖాతా అసలు పాస్‌వర్డ్ కావాలి, అది పెట్టినోళ్లు ఎప్పుడో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయి ఉంటరు. ఇన్నిసార్లు తిప్పి కొట్టేసరికి విసుగొచ్చి, పాస్‌వర్డే తీసేస్తరు. నేనూ అట్లనే తీసేసిన.

ఇప్పుడు మా దగ్గర ఎట్ల చేసినమో చెప్తా.

మెయిన్ సిస్టంల సెట్టింగ్స్, అకౌంట్స్‌లోకి వెళ్లి, మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా ఒక లోకల్ ఖాతా తెరిచినం. పేరు 'చదువు'. దానికి గుర్తుండే పాస్‌వర్డ్ ఒకటి పెట్టినం. అడ్మిన్ హక్కులు ఇయ్యలేదు. తర్వాత 'పుస్తకాలు' అనే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో 'ఎవ్రీవన్' తీసేసి 'చదువు'ను చేర్చి 'రీడ్' ఒక్కటే టిక్ పెట్టినం. పక్కనే ఉండే సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా 'చదువు'కు చదివే హక్కే ఇచ్చినం. ఈ రెండు చోట్లా చూసుకోవాలె. నెట్‌వర్క్ మీద వచ్చినోళ్లకు ఈ రెండింటిలో ఏది తక్కువ హక్కు ఇస్తే అదే చెల్లుతది. చాలామంది ఒక్క చోట మార్చి, రెండో చోట మర్చిపోయి, పని చేస్తలేదని తల పట్టుకుంటరు.

పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్‌ను మళ్లీ ఆన్ చేసినం. అన్ని సిస్టంలలో నెట్‌వర్క్ ప్రొఫైల్ 'ప్రైవేట్' అని ఉందో లేదో చూసినం. 'పబ్లిక్' అని ఉంటే ఫైర్‌వాల్ షేరింగ్‌ను ఆపేస్తది, తప్పు పాస్‌వర్డ్‌దని మనం అనుకుంటం.

ఇక మిగతా ఐదు సిస్టంలు. ఒక్కొక్క దాంట్లో 'దిస్ పీసీ' తెరిచి, 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' నొక్కి, రెండు వెనుక గీతలు, మెయిన్ సిస్టం పేరు, ఒక గీత, ఫోల్డర్ పేరు ఇచ్చినం. 'రీకనెక్ట్ ఎట్ సైన్ ఇన్', 'కనెక్ట్ యూజింగ్ డిఫరెంట్ క్రెడెన్షియల్స్' రెండూ టిక్ పెట్టినం. యూజర్ నేమ్ అడిగితే మెయిన్ సిస్టం పేరు, ఒక గీత, 'చదువు' అని కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, 'రిమెంబర్ మై క్రెడెన్షియల్స్' టిక్ పెట్టినం. అది కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిపెట్టుకుంటది. ఆ రోజు నుంచి పిల్లలు సిస్టం ఆన్ చేస్తే డ్రైవ్ అక్కడే ఉంటది. ఎవరినీ ఏదీ అడగదు. చదువుకునే పిల్లలకు పాస్‌వర్డ్ లేనట్టే. కంప్యూటర్‌కు మాత్రం ఉంది.

ఐపీ అడ్రస్ కొట్టి మ్యాప్ చేస్తే, రౌటర్ దాన్ని మార్చినప్పుడల్లా తెగిపోతది. సిస్టం పేరు వాడుకోండి, లేదా మెయిన్ సిస్టంకు మారని అడ్రస్ ఇయ్యండి.

కొత్త పుస్తకాలు వేయాలంటే మెయిన్ సిస్టం దగ్గరకే పోయి వేస్తం. దానికి ఇద్దరు బాధ్యులు, ఇద్దరికీ వేరు వేరు ఖాతాలు. పిల్లల సిస్టం నుంచే రాసే ఖాతాతో తెరుద్దామని చూస్తే విండోస్ ఒప్పుకోదు. ఒకే సర్వర్‌కు ఒకే లాగిన్ నుంచి రెండు పేర్లతో ఒకేసారి పోనియ్యదు. మొదట్లో ఇది అడ్డంకి అనిపించింది. ఇప్పుడు మంచిదే అనిపిస్తుంది. ఫోల్డర్‌ను లాగి పక్కన పడేసే ప్రమాదం పోయింది. ముఖ్యంగా, ఏదన్నా పోతే ఇంటర్ పిల్లగాని మొహం చూసే పని లేదు. వానికి తీసేసే హక్కే లేదు కాబట్టి వాని మీద అనుమానం కూడా రాదు.

నా దృష్టిలో పాస్‌వర్డ్ అసలు పని ఇదే. దొంగను ఆపుడు రెండో మాట. తప్పు చేయని వాన్ని కాపాడుడు మొదటి మాట. హాస్టల్లో, కాలేజీలో, ఆఫీసులో ఏదన్నా పోతే ముందు ఎవరి వైపు చూస్తరో మనకు తెలియంది కాదు. అదే చూపు మన సెంటర్లో మన పిల్లల మీద పడేటట్టు మనమే ఏర్పాటు చేయొద్దు.

ఇంకో వాదన వింటుంటా: "మా పాత సిస్టంలు బాగనే తెరుచుకుంటున్నయి, కొత్తగా వచ్చిన విండోస్ 11 సిస్టమే గెస్ట్‌ను రానిస్తలేదు, దాన్ని ఎట్ల ఒప్పియ్యాలె?" అది పాడైపోయి అట్ల చేస్తలేదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాలకు పాకింది. ఫైల్ షేరింగ్‌కు వాడే ఎస్ఎంబీ పాత వెర్షన్‌లోని లోపం పట్టుకొని, ఎవరూ ఏదీ నొక్కకుండానే ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకు దూకింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనోళ్లు దెబ్బతిన్నరు. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఆ పాత ఎస్ఎంబీని కొత్తగా వేసే విండోస్‌లో పెట్టడం మానేసిండ్రు. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో గెస్ట్‌గా పోవుడు కూడా ఆపేసిండ్రు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ వచ్చినంక ప్రో ఎడిషన్‌లో కూడా అదే. అంటే పాస్‌వర్డ్ లేని దారి ఏటేటా మూసుకుంటా వస్తుంది. దాన్ని బలవంతంగా తెరవాలంటే ఒక సెట్టింగ్ ఆపాలె, తర్వాత ఇంకోటి, చివరికి ఫైర్‌వాల్ కూడా ఆపమంటరు. ఒక తలుపు కోసం గోడ కూల్చినట్టు.

పైగా మన సెంటర్లలో ఉన్నవి ఎక్కువ పాతవే. విండోస్ 7కు 2020 జనవరితో, విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో మామూలు సపోర్ట్ అయిపోయింది. రోజుకు పది పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీస్తుంటం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఏదన్నా ఒక్క సిస్టంలోకి వస్తే, ఆ సిస్టం నుంచి ఏ ఏ షేర్ ఫోల్డర్‌లో రాసే హక్కు ఉంటే అందులోని ఫైళ్లను కూడా చెడగొట్టగలదు. 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' అంటే దానికి కూడా ఫుల్ కంట్రోలే. చదివే హక్కు ఒక్కటే ఉంటే, ఆ సిస్టం పోయినా మెయిన్ ఫోల్డర్ మిగులుతది.

మరి అందరికీ తెరిచి పెట్టాల్సినవి లేవా? ఉన్నయి. పాత పేపర్లు, పాఠ్య పుస్తకాలు, తెలుగు ఫాంట్లు, గుంజాల గోండి ఫాంట్లు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అది ఎంతమంది సిస్టంలలోకి పోతే అంత మంచిది. ఇసుంటివి ఎవరొచ్చి తీసుకపోయినా మనకే లాభం. కానీ తీసుకపోనియ్యండి, మార్చనియ్యకండి.

రికార్డింగ్‌ల సంగతి వేరు. మనలో చాలామంది ప్రధాన్ పెద్దల దగ్గర కూర్చొని కిక్రి మీద పాడిన కథలు ఫోన్లో రికార్డు చేసి తెచ్చి ఇట్లాంటి ఫోల్డర్‌లలోనే పడేసినం. కొన్ని కథలు అందరి ముందర పాడేవి, కొన్ని దేవుని పని అప్పుడే పాడేవి. పాడిన పెద్దాయన మనల్ని చూసి పాడిండు, గెస్ట్‌ను చూసి కాదు. ఏది అందరికీ పెట్టొచ్చు, ఏది పెట్టొద్దు అని ఆయననే అడగాలె. ఆ పెద్దాయన పోయినంక ఫైల్ చెడిపోతే ఇంకో రికార్డు ఎక్కడి నుంచి తెస్తం? అసలు కాపీ ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, సిస్టంకు తగిలించకుండ, వేరే ఇంట్లో పెట్టండి.

ఇక సర్టిఫికెట్లు. నా మాట ఒక్కటే: షేర్ ఫోల్డర్‌లో పెట్టనే పెట్టొద్దు. పాస్‌వర్డ్ ఉన్నా వద్దు. ఎవరి కాగితాలు వాళ్ల దగ్గర, డిజిలాకర్‌లోనో సొంత పెన్‌డ్రైవ్‌లోనో ఉండాలె. దరఖాస్తు అయిపోయిన రోజే స్కాన్ తీసేయాలె. కొన్ని సెంటర్లలో నాయన పేరు మీద ఉన్న అటవీ హక్కుల పట్టా స్కాన్లు కూడా అందులో పెట్టిండ్రని విన్నా. మన తాతలకు కాగితం అంటే ఏమిటో తెలుసు. చదవడం రాని రోజుల్లో ఎవరో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నరు. ఆ అన్యాయాన్ని ఆపడానికే 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరించి 1970లో 1/70 తెచ్చిండ్రు. అంత కొట్లాడి తెచ్చుకున్న కాగితాన్ని, ఎవరు తెరిచిండ్రో కూడా తెలియని ఫోల్డర్‌లో పెడ్తమా? డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, మంచిదే. చట్టం కంటే ముందు, ఒక చెల్లె తన ఆధార్ మన చేతికి ఇచ్చిందంటే మనల్ని చూసి ఇచ్చింది. దానికి మనం జవాబుదారులం.

నేనేదో సెక్యూరిటీ నిపుణున్ని కాదు. తప్పు చేసి నేర్చుకున్న. సీనియర్లకు నాదొక విన్నపం: ఈ వారం మీ సెంటర్ మెయిన్ సిస్టం దగ్గర ఒక గంట కూర్చోండి. 'ఎవ్రీవన్' ఎక్కడెక్కడ ఉందో చూడండి. చదివేది, రాసేది వేరు చేయండి. సర్టిఫికెట్లు తీసేయండి, తీసేసే ముందు ఎవరివి వాళ్లకు ఇయ్యండి. పాస్‌వర్డ్‌లు ఒక కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి, ఇద్దరి దగ్గర ఉంచండి. మానిటర్‌కు అంటించకండి. మీకు ఉద్యోగం వచ్చి వెళ్లే రోజు, తాళంచెవి ఇచ్చినట్టే ఆ కవర్‌ను తర్వాతి వాళ్లకు ఇచ్చి, పాస్‌వర్డ్ మార్పించి పోండి. సగం సెంటర్లలో ఈ కష్టమంతా ఆ ఒక్కటి చేయకనే వచ్చింది.

ఎక్కడన్నా ఆగిపోతే స్క్రీన్ ఫొటో తీసి పెట్టండి, తెలిసినంత వరకు చెప్తా. ఇంతకంటే సులువైన పద్ధతి మీ దగ్గర ఉంటే మీరూ రాయండి, నేర్చుకుంట.

ఆ తమ్ముడు ఈ గ్రూపులో ఉన్నడో లేడో తెలియదు. ఉంటే, తమ్మీ, మా సెంటర్ తలుపు నీకు తెరిచే ఉంది. నువ్వు కూర్చునే సిస్టం ఇప్పటికీ కిటికీ పక్కదే.

జోహార్.